మూడు నాలుగేళ్ల పిల్లలకు ఇంట్లో భక్తి: శ్లోకాల కంటే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసినదాంట్లో విడివిడిగా నాలుగు సమస్యలు ఉన్నాయండి. నాలుగేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు పూజ దగ్గర రెండు నిమిషాలు కుదురుగా కూర్చోవడం లేదు. పాపకు ఇంకా ఒక్క శ్లోకమూ రాలేదని మీ అత్తయ్యగారి బెంగ. అల్లరి చేస్తే దేవుడు కళ్ళు పోగొడతాడని ఆవిడ అన్నప్పటి నుంచి పాప పూజగది వైపు రావడానికే జంకుతోంది. మొన్న వేసవిలో మామయ్యగారు పోయారు, తాతయ్య ఏడని పాప రోజూ అడుగుతోంది. మీవారికి ఇవంటే పెద్దగా నమ్మకం లేదని చివర్లో ఒక ముక్క రాశారు, దాన్నీ కలిపితే ఐదు.

ముందు భయం సంగతి. అది పోకుండా మిగతావి ఏం చేసినా అతకవు. నాలుగేళ్ల పిల్లలు జరిగిన ప్రతిదానికీ తామే కారణమనుకుంటారు. పొద్దున తమ్ముణ్ణి గిల్లింది, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది, ఆ రెంటికీ ముడి వేసేస్తుంది. వచ్చే నెల కళ్ళకలక వస్తే నాన్నమ్మ చెప్పిందే నిజమైందని లోపల తీర్మానించుకుంటుంది, బయటికి చెప్పదు కూడా. మనుషుల్లో విశ్వాసం ఎలా ఎదుగుతుందో పరిశీలించిన జేమ్స్ ఫౌలర్ 1981లో, మూడు నుంచి ఏడేళ్ల వరకు ఉండే దశలో ఊహదే పైచేయి అని రాశాడు. పెద్దల చేతల్లో, మాటల్లో, ముఖాల్లో పిల్లలకు కనిపించిన దేవుడే వాళ్ల మనసులో గట్టిగా నాటుకుంటాడు. పెద్దలు భయపెట్టిన దేవుడైనా అంతే గట్టిగా నాటుకుంటాడు.

సరిచేయడానికి ఉపన్యాసం అక్కర్లేదు. "దేవుడు ఎవరి కళ్ళూ తియ్యడు. నిన్ను ఆపడానికి అలా అన్నాం. ఇక అనం." అంతే. ఈ మాట నాన్నమ్మ నోట రావడం మేలు, ఎందుకంటే భయం పుట్టింది అక్కడ. ఆవిడను తప్పుపట్టినట్టు కాకుండా, "అత్తయ్యా, మీరు చెబితేనే అది నమ్ముతుంది" అని అడిగి చూడండి. ఆ తర్వాత అల్లరిని ఆపే పని పూర్తిగా మనుషులదే కావాలి. "తమ్ముణ్ణి కొట్టకూడదు, నేను ఒప్పుకోను" అనండి, మధ్యలోకి సామిని లాగొద్దు. "బుద్ధిగా ఉంటే దేవుడు చాక్లెట్ ఇస్తాడు" అన్నదీ ఇదే తప్పు. చాక్లెట్ రాని రోజున పిల్ల దేవుణ్ణే అనుమానిస్తుంది, లేదా తనను తానే.

ఒక పది పదిహేను రోజులు పాపను పూజగదిలోకి పిలవకండి. పూజకు కావాల్సిన పనే హాల్లోకి తీసుకురండి: పూలు తుంచడం, తమలపాకులు తుడవడం, గంటను చింతపండుతో తోమడం. తన చేత్తో తోమిన గంటను తనే తీసుకెళ్లి పెడతానంటుంది, చాలామంది పిల్లల్లో దారి అలాగే తెరుచుకుంటుంది. మందిరంలో ఉగ్ర నరసింహుడి పటమో కాళికాదేవి పటమో పిల్ల కంటి ఎత్తులో ఉంటే కొన్నాళ్లు పైఅరకు మార్చండి. అపచారమేమీ కాదు.

ఇక అత్తయ్యగారి బెంగ. ఆవిడకు చెప్పడానికి మీ దగ్గర మంచి ఆధారమే ఉంది. సంప్రదాయాలు కూడా ఈ వయసు పిల్లల మీద బరువు పెట్టలేదు. బ్రాహ్మణ కుటుంబాల్లో ఉపనయనానికి చెప్పిన వయసు ఎనిమిదో ఏడు. పిల్లలకు నమాజు చేయమని చెప్పాల్సింది ఏడేళ్లకని హదీసు, అంటే ముస్లింలు ప్రవక్త మాటగా పాటించేది. కాథలిక్ క్రైస్తవులు ప్రథమ దివ్య సత్ప్రసాదం, అంటే చర్చి పూజలో పంచే పవిత్రమైన అప్పం, మొదటిసారి ఇచ్చేదీ ఏడేళ్ల ప్రాంతంలోనే. ఎక్కడ చూసినా విధి మొదలయ్యేది ఏడు ఎనిమిదేళ్లకు. అంతకు ముందంతా చూడటం, అనుకరించడం, ఆ వాతావరణంలో మసలడం. మా తెలుగిళ్లలో ఐదేళ్లలోపు వాళ్లకు చేసేవన్నీ, అన్నప్రాశన నుంచి భోగిపళ్ల దాకా, పెద్దలు చేస్తుంటే పిల్లలు అనుభవించేవే. వాళ్లు అప్పజెప్పాల్సింది ఏదీ లేదు.

కాబట్టి కూర్చోబెట్టడం అనే ప్రయత్నం మానేయండి. ఈ ఈడు పిల్లలు కూర్చుని వినడానికి లొంగరు, చేతికి పని ఇస్తే మాత్రం అంత తేలిగ్గా వదలరు. మీ పూజ అరగంట ఉంటే పిల్లలు ఉండాల్సింది అందులో నాలుగైదు నిమిషాలే. మిగతాది వాళ్లు లేవకముందో, ఆడుకుంటున్నప్పుడో చేసుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇంట్లో పొద్దుటి పూట పెట్టుకుంటే విసుగులోనే గడిచిపోతుంది. సంధ్య దీపం వేళ నయం: ఆరున్నర, ఏడు మధ్య, రాత్రి అన్నానికి ముందు. కడుపు మరీ కాలే వేళ కాకుండా అరటిపండో పాలో ఇచ్చిన తర్వాత పెట్టుకోండి.

వరస ఏ రోజూ మార్చకండి. కాళ్లూ చేతులూ కడుక్కోవడం. హాల్లో టీవీ ఆపడం, ఈ పని పాపదే అని అప్పగించండి. బాబు ఒక పువ్వు పెడతాడు, ఒకటే. పాప ప్రమిదలో వత్తి వేస్తుంది, మీరు నూనె పోసి వెలిగిస్తారు. ముగ్గురూ కలిసి ఒక్క పాదమో ఒక్క నామమో అంటారు. పాప రెండు మాటల దండం పెట్టుకుంటుంది, దాని గురించి కింద రాస్తాను. బాబు గంట మూడుసార్లు కొడతాడు. బెల్లం ముక్క నైవేద్యం పెట్టి ఇద్దరికీ పంచడం. అయిపోయింది, లేచి పోవచ్చు. మధ్యలో బాబు పారిపోతే వెనక్కి లాక్కురావద్దు. గంట చప్పుడుకి వాడే వస్తాడు, రాకపోతే బెల్లానికి వస్తాడు. రోజూ ఇదే వరస జరిగితే రెండు మూడు వారాల్లో మీరు ఏదైనా మరిచిపోయినప్పుడు పాపే గుర్తుచేస్తుంది. అలవాటు పడిందనడానికి అదే గుర్తు. చేతులు సరిగ్గా జోడించిందా, కళ్ళు మూసుకుందా అని చూడకండి.

నైవేద్యం దగ్గర ఒక చిక్కు ఎప్పుడూ వస్తుంది. పెట్టకముందే పిల్లవాడు నోట్లో వేసుకుంటాడు, ఇంట్లో పెద్దవాళ్లు "ఎంగిలి, ఎంగిలి" అని గోల చేస్తారు. రెండున్నరేళ్ల వాడికి తినే వస్తువు కళ్ళముందు పెట్టి ఆగమంటే కష్టం. గిన్నెలో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువ పెట్టుకోండి, తింటే తిన్నాడు, రెండోది పెట్టండి. పాపకు మాత్రం "ముందు స్వామికి, తర్వాత మనకు" అన్న క్రమం నాలుగేళ్లకు బాగానే పట్టుబడుతుంది. రెండు నిమిషాలకు మించి ఆగమనకండి.

రెండు మాటల దండం అంటే, ఒకటి తనకు జరిగిన మంచి, రెండోది ఇంకొకరి కోసం. "ఇవాళ మామిడిపండు తిన్నాను, బాగుంది స్వామీ. అమ్మమ్మ కాలు నొప్పి తగ్గాలి." మీరు ముందు మీ రెండు మాటలు పైకే అనండి, పాప అదే పట్టుకుంటుంది. కోరికల చిట్టా వైపు వెళ్తే ఆపి సరిదిద్దాల్సిన పని లేదు గానీ, "అడిగితే ఇచ్చేస్తాడు" అని మాత్రం మీ నోటితో అనకండి. అమ్మమ్మ కాలు తగ్గకపోతే ఏం చెబుతారు? "డాక్టరుగారు మందు ఇచ్చారు, అమ్మమ్మ వేసుకుంటోంది, మనం దండమూ పెట్టుకుంటున్నాం" అని మూడూ కలిపి చెబుతుంటే దేవుడు మందుల షాపు కాడు, మాట తప్పినవాడూ కాడు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా రాయని విషయం, వస్తువుల గురించి. పూజగది కూడా వంటింటిలాగే పిల్లలకు ప్రమాదాలున్న చోటు.

కర్పూరం అన్నిటికంటే ముందు. తెల్లగా, చిన్న బిళ్లల్లా, మిఠాయిలా ఉంటుంది, వాసన కూడా బాగుంటుంది. చిన్నపిల్లలకు అర గ్రాము నుంచి ఒక గ్రాము కడుపులోకి వెళ్లినా ప్రాణం మీదికి రావచ్చు. మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. డబ్బాను మందుల అలమరలో, తాళంలో పెట్టండి, మందిరం కింది సొరుగులో కాదు. మింగారని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. తీర్థంలో వేసే పచ్చకర్పూరమూ అందకుండా ఉండాలి, తీర్థంలోనూ చిటికెడులో చిటికెడే.

పూలలో గన్నేరు. శివుడికి పెడతాం, పెరట్లో ఉంటుంది, ఆకు పువ్వు కాయ అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్త కాయా పువ్వూ అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఈ మూడూ వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో ఉన్నవే: వరసగా కరవీర పత్రం, దత్తూర పత్రం, అర్క పత్రం. బజార్లో కట్టగా తెచ్చిన పత్రిని పిల్లల ముందు పోసి "ఏరుకో" అనకండి. ముందు ఈ మూడూ తీసి పక్కన పెట్టి, వాకుడు, రేగు కొమ్మల ముళ్లు చూసుకుని, గరిక, తులసి, మామిడి, దానిమ్మ, జాజి ఆకులు పిల్లలకు ఇవ్వండి. గరిక రెండేసి పోచలుగా జత చేయడం నాలుగేళ్ల వేళ్లకు సరిగ్గా సరిపోయే పని. శుక్రవారం లక్ష్మీపూజకు కొందరు గురివింద గింజలు పెడతారు, చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని అసలు ఉంచకపోవడమే మంచిది. నమిలితే ప్రాణాంతకం.

దీపం మూడడుగుల ఎత్తుకు పైన, గోడకు ఆనించి, చీరకొంగు, తెర తగలని చోట. అగ్గిపెట్టె మీ దగ్గరే. పండగ నాడు వేసే పట్టు లంగా చాలాసార్లు పాలిస్టరే, మంట తగిలితే ఒంటికి అతుక్కుపోతుంది. దీపం దగ్గర పని ఉన్న రోజు నూలు గౌను చాలు. కార్తీకంలో గుమ్మం ముందు నేల మీద దీపాలు పెట్టినప్పుడు ఒక పెద్ద మనిషి పూర్తిగా పిల్లల మీదే కన్నేసి ఉండాలి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద చల్లటి నీళ్లు, టూత్‌పేస్టూ పసుపూ నెయ్యీ వద్దు. పుట్టినరోజు కొవ్వొత్తులు ఊదిన పిల్ల దీపాన్నీ ఉఫ్ అని ఊదుతుంది, అది అల్లరి కాదు, తెలిసిన పనే చేసింది. "దీపాన్ని ఊదం, అదే కొండెక్కుతుంది" అని చెప్పి ముఖం ముందు నుంచి కాస్త దూరంగా జరపండి. వత్తులు పాపతోనే చేయించవచ్చు: దూదిని పలచగా విప్పి, వేళ్లకు పాల తడి అద్దుకుని అరచేతుల మధ్య నలిపితే పూవత్తి వస్తుంది. మొదట్లో మరీ లావుగా వచ్చి ఎక్కువ నూనె తాగుతాయి, పొగ వస్తుంది. పెసరగింజంత కొస ఉండేలా మీరు సరిచేసి వేయండి.

అగరుబత్తి పొగ మూసిన గదిలో వద్దు, దగ్గు, ఆయాసం ఉన్న పిల్లలున్న చోట అసలు వద్దు. అమెరికాలోనో మరెక్కడో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు హారతి పొగకి అలారం మోగి పిల్లలు బెదిరిపోవడం మామూలే, అక్కడ నేతి దీపం ఒక్కటి చాలు. అక్షింతలు పిల్లలు ముక్కులో, చెవిలో దోపుకుంటారు, గిన్నెడు ఇవ్వకుండా చేతిలో నాలుగు గింజలే వేయండి. గుప్పిట్లో పూర్తిగా దాగిపోయే విగ్రహాలు, నాణేలు, తెగిన రుద్రాక్షలు బాబుకు అందకూడదు.

ప్రసాదాలు కూడా చూసుకోవాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు శనగల గుగ్గిళ్లు, వేరుశనగలు, పచ్చికొబ్బరి ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. కొబ్బరి తురిమి బెల్లంతో కలపండి, శనగలు మెత్తగా ఉడికించి చిదిమి పెట్టండి. రవ్వకేసరి, దద్దోజనం, పాయసం, మెత్తటి ఉండ్రాళ్లు నిశ్చింతగా పెట్టవచ్చు. ఇంటికి వచ్చే చుట్టాల్లో ఏడాది నిండని పసివాళ్లుంటే తేనె కలిసిన పంచామృతం నాలుక మీద కూడా రాయనివ్వకండి. భోగిపళ్లలో రేగుపళ్లు, నానిన శనగలు, చిల్లర కలిపి పోస్తాం కదా, పోసిన వెంటనే చిల్లరా శనగలూ ఏరేయడానికి ఒకరిని ముందే పురమాయించండి.

శ్లోకం దగ్గరికి వద్దాం. నేర్పొద్దని కాదు, నేర్పే తీరు మారాలి. శుక్లాంబరధరం తీసుకోండి. పాదానికి ఎనిమిది చొప్పున ముప్ఫై రెండు అక్షరాలు. మొదటి రెండు వారాలు మీరే రోజూ పూర్తిగా, నెమ్మదిగా, ఒకే రాగంలో చెప్పండి, పాపను అనమనకండి. మూడో వారం నుంచి పాదం చివరి మాట దగ్గర ఆగండి: "శుక్లాంబరధరం..." అని ఆగితే "విష్ణుం" తనే అంటుంది. "శశివర్ణం..." దగ్గర "చతుర్భుజం". తర్వాత మీరు వదిలే భాగం పెంచుకుంటూ పోతే రెండు రెండున్నర నెలల్లో మొత్తం వస్తుంది. అంతకు ముందే వస్తే సరే, రాకపోతే ఏ నష్టమూ లేదు. ర పలకడం చాలామంది పిల్లలకు ఐదేళ్ల దాకా కుదరదు, శ ష స తేడాలు, "విఘ్నోప" లాంటి ఒత్తులు ఇంకా ఆలస్యం. "తప్పు, మళ్లీ చెప్పు" అనకుండా మీరు మరోసారి సరిగ్గా పలికితే చాలు, నోరు తిరిగాక అదే దిద్దుకుంటుంది. బాబుకు శ్లోకం అక్కర్లేదు, "గోవిందా" అంటే "గోవిందా" అనడం చాలు, అదీ గట్టిగా అరుస్తూ.

సంస్కృతం కంటే తెలుగు పద్యం ముందు పెట్టమంటాను. "తొండము నేకదంతమును" పద్యంలో తొండం, ఒక్క దంతం, బొజ్జ, గజ్జెలు, మెల్లని చూపు, చిరునవ్వు అన్నీ కనిపించేవే. చెయ్యి తొండంలా ఊపుతూ, బొజ్జ తట్టుకుంటూ, కాళ్లతో గజ్జెల చప్పుడు చేస్తూ చెబితే పాటా ఆటా ఒకటైపోతాయి. అర్థం విడిగా చెప్పే పనే ఉండదు.

చుట్టాలొచ్చినప్పుడు "అత్తకి శ్లోకం చెప్పమ్మా" అని నిలబెట్టడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే, శ్లోకం మానేసే పిల్లల్లో ఎక్కువమంది అక్కడే మానేస్తారు. దండం అప్పజెప్పే పాఠంగా మారిందని వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. యూట్యూబ్ బొమ్మల శ్లోకాలదీ వేరే ఇబ్బంది. పిల్ల కళ్ళు బొమ్మ మీద, నోరు మూత, అది అవగానే తర్వాతి వీడియో. స్నానం చేయించేటప్పుడు ఫోను దూరంగా పెట్టి పాట మాత్రం వినిపిస్తే ఫరవాలేదు. నాన్నమ్మ గొంతు అంతకంటే నయం. ఆవిడకు ఆ బాధ్యత ఇచ్చి చూడండి, రోజూ నిద్రకు ముందు ఒక కథ, ఒక పద్యం.

కథల ఎంపిక మాత్రం ఆవిడతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. ఈ వయసుకు బాగా పట్టేవి: వెన్న దొంగతనం, యశోద నోరు తెరిపించి చూడటం, వారధి కట్టేటప్పుడు ఉడత సాయం, శబరి పళ్లు, కుచేలుడి అటుకులు. కుచేలుడి కథ చెప్పిన సాయంత్రం అటుకులే నైవేద్యం పెడితే ఆ కథ మరిచిపోరు. గజేంద్ర మోక్షం నాలుగున్నర, ఐదేళ్లకు. పూతన, హిరణ్యకశిపుడి వధ, సీత అగ్నిప్రవేశం ఇప్పుడే వద్దు. ధ్రువుడి కథ భక్తికి గొప్పదే గానీ నాన్న ఒడిలోంచి పిల్లవాణ్ణి గెంటేయడం దగ్గర చాలామంది పిల్లలు బిక్కచచ్చిపోతారు. హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగరడం నవ్వుతూ వింటారు, మర్నాడు సోఫా మీంచి దూకుతారు, దిండ్లు సిద్ధం చేసుకోండి.

వినాయకుడికి ఏనుగు తల ఎందుకని పాప అడుగుతుంది, ఇంకా అడగకపోతే చవితికి అడుగుతుంది. తండ్రే కొడుకు తల తీశాడన్న ముక్క నాలుగేళ్ల పిల్లకు కథలా వినపడదు, నాన్న వైపు చూస్తుంది. వ్రతకథలో ఎలాగూ వింటుంది కాబట్టి దాచి లాభం లేదు. రెండు రోజుల ముందే మీ మాటల్లో చెప్పండి: "శివుడికి ఆ బాబు ఎవరో తెలియలేదు, కోపంలో పొరపాటు చేశాడు. పార్వతమ్మ ఏడ్చింది. అప్పుడు ఏనుగు తల పెట్టి బతికించాడు, అందరికంటే ముందు పూజ నీకే అన్నాడు." బతికించడం మీద, ముందు పూజ మీద ఎక్కువసేపు నిలవండి.

పండగల్లో పిల్లలకు అన్నిటికంటే పనికొచ్చేది చవితే, చేతికి మట్టి తగిలే పండగ కనుక. నాలుగంగుళాల బొమ్మకు అరకిలో బంకమట్టి సరిపోతుంది. మట్టిని చపాతీ పిండిలా పిసికి, తడిగుడ్డ కప్పి గంటసేపు ఉంచండి. పీట, బొజ్జ, తల, తొండం వేరువేరు ముద్దలుగా చేసి, అతికే చోట రెండు వైపులా పుల్లతో గీతలు పెట్టి, మట్టి నీళ్లు పూసి నొక్కాలి. అది చేయకపోతే ఎండేటప్పుడు తొండమే ముందు ఊడుతుంది. ఎండలో పెడితే పగుళ్లు, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. అంత తీరిక లేకపోతే రెండు టేబుల్‌స్పూన్ల పసుపులో నీళ్లు చుక్క చుక్కగా కలిపి పాపతో పసుపు గణపతిని చేయించండి. నీళ్లు ఒక్క చెంచా ఎక్కువైతే ముద్ద నిలబడదు, ఇంకాస్త పసుపు కలపాలి. బట్టలకు మరక పోదు, పాత గౌను వేయండి. నిమజ్జనం నాడు పిల్లలు ఏడవడం సహజం, తాము చేసిన బొమ్మ కరిగిపోతోంది మరి. మొదటి రోజే "మూడో రోజు నీళ్లలోకి వెళ్తాడు, మళ్లీ ఏడాది వస్తాడు" అని చెప్పి ఉంచి, బకెట్లో కలిపిన మట్టిని మర్నాడు తనతోనే తులసికోటలో పోయించండి. అప్పుడూ ఏడిస్తే ఏడవనివ్వండి.

గుడి విషయంలో ఎక్కువ చెప్పను. శనివారం వేంకటేశ్వరస్వామి గుడికి, సోమవారం శివాలయానికి, ఏకాదశి నాడు ఎక్కడికైనా ఆ రద్దీలో తీసుకెళ్లడం వృథా. మామూలు రోజు సాయంత్రం ఐదింటికి, ఇరవై నిమిషాలు. శఠగోపం నెత్తిన పెట్టేటప్పుడు చాలామంది పిల్లలు బెదురుతారు, ఇంట్లో గిన్నెతో ఆటగా ఒకటి రెండుసార్లు పెట్టి చూపిస్తే సరి. తీర్థం పట్టడమూ ముందే ఉద్ధరిణితో మంచినీళ్లు పోసి అలవాటు చేయండి. పెద్ద క్షేత్రాలకు వెళ్తే జేబులో మీ ఫోను నంబరున్న చీటీ పెట్టండి, ఎండాకాలం ప్రదక్షిణకు సాక్సులు తొడగండి.

తాతయ్య ప్రశ్న అన్నిటికంటే సున్నితమైనది. "నిద్రపోయాడు" అంటే పాప నిద్రకు భయపడుతుంది. "ఊరెళ్లాడు" అంటే ఎదురుచూస్తుంది, వదిలి వెళ్లాడని కోపం తెచ్చుకుంటుంది. "దేవుడు తీసుకెళ్లిపోయాడు" అన్నది మన ఇళ్లలో నోటికి తేలిగ్గా వచ్చేమాట, ఈ వయసుకు చెడ్డమాట కూడా అదే. రేపు అమ్మనూ తీసుకెళ్తాడేమో అని అదే దేవుడి ముందు చేతులు ఎలా జోడిస్తుంది? ముందు ఒంటి సంగతి చెప్పండి: "తాతయ్య ఒంట్లో గుండె ఆగిపోయింది. ఊపిరి లేదు, ఆకలి లేదు, నొప్పీ లేదు. మళ్లీ లేవడు." ఆ తర్వాతే నమ్మకం: "ఇప్పుడు తాతయ్య దేవుడి దగ్గర క్షేమంగా ఉన్నాడని మనం నమ్ముతాం." రెండో మాటను మొదట చెబితే అదే కారణంలా వినిపిస్తుంది, అందుకే ఈ వరస. పాప ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంది, ప్రతిసారీ అవే మాటల్లో చెప్పండి. "నేను అల్లరి చేసినందుకా?" అని అడగకపోయినా, "ఇది ఎవరి వల్లా జరగలేదు, నీ వల్ల అసలే కాదు" అని ఒకసారి మీరే అనండి. నెల మాసికాలప్పుడు తాతయ్యకు ఇష్టమైన పదార్థం ఏదో పాపను అడిగి చేయండి, ఫొటో దగ్గర పువ్వు తనతో పెట్టించండి. రెండు మూడు నెలలైనా నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం, మిమ్మల్ని బాత్‌రూమ్‌కి కూడా వెళ్లనివ్వకపోవడం లాంటివి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

చివరిగా మీవారు. నమ్మకం లేని మనిషిని పిల్లల కోసం పూజలో కూర్చోమంటే ఆయన ముఖంలోని విసుగే పిల్లలకు కనిపిస్తుంది. ఆయన ఒప్పుకోగలిగే రెండే అడగండి: పిల్లల ముందు వెటకారం చేయకపోవడం, ఆయనకు ఇబ్బంది లేని ఒక పని తీసుకోవడం. రోజూ పిల్లలతో ఒక్కో పిడికెడు బియ్యం డబ్బాలో వేయించి నెలాఖరున వాళ్లను వెంటబెట్టుకెళ్లి అవసరమున్న ఇంట్లోనో అనాథాశ్రమంలోనో ఇప్పించడం అలాంటి పని, చాలామంది నాన్నలు దీనికి సంతోషంగా వస్తారు. "నాన్న ఎందుకు దండం పెట్టుకోడు?" అని పాప అడిగిన రోజు మీరు సమాధానం అల్లకండి, ఆయన్నే అడగమనండి. "నాకింకా తెలియదమ్మా, మీ అమ్మకు నమ్మకం ఉంది" అని ఆయన నిజమే చెప్పవచ్చు, నాలుగేళ్ల పిల్ల దాన్ని మనం అనుకున్నంత కష్టంగా తీసుకోదు. పక్కింటి వాళ్లు చర్చికో మసీదుకో ఎందుకు వెళ్తారని అడిగినా ఇలాగే సూటిగా, "వాళ్లింట్లో అలా దండం పెట్టుకుంటారు" అంటే సరిపోతుంది.